ఊరి పేరు సరిగ్గా రాసిన షాపు: అరండల్‌పేటలో చేయించిన దావావ్ మ్యాపు

మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. తెలుగు తప్ప ఇంకో లిపి చదవలేదు. మనవరాలు, అంటే మా అమ్మాయి, ఫిలిప్పీన్స్‌లోని దావావ్ నగరానికి డాక్టరీ చదువుకు వెళ్లి ఏడాది దాటినా, ఆ ఊరు సముద్రానికి ఎంత దూరమో, చుట్టూ కొండలున్నాయో లేవో ఆమెకు అంతుపట్టలేదు. "పిల్ల ఉండే ఊరి పేరేందే?" అని వారానికోసారి అడిగేది. ఫోన్లో మ్యాపు తీసి చేతికిస్తే, వేలు తగలగానే అది పెద్దదయ్యేది, చిన్నదయ్యేది, పక్కకు జరిగిపోయేది. పేర్లన్నీ ఇంగ్లీషులో. అందుకని గోడకు తగిలించే పెద్ద మ్యాపు ఒకటి, మొత్తం తెలుగు అక్షరాల్లో చేయిద్దామనుకున్నాను.

గుంటూరులో నాలుగు షాపులు తిరిగాను. మూడుచోట్ల "ఫ్లెక్స్ అయితే చెప్పండి మేడమ్, మ్యాపులు మేం చెయ్యం" అన్నారు. నాలుగోది అరండల్‌పేటలో ఒక సందులో ఉంది. నేను రాస్తున్నది ఆ షాపు గురించే. పేరు రాయడం లేదు. వాళ్ల పని నాకు చాలా నచ్చింది, కానీ మధ్యలో ఒక పొరపాటు జరిగింది. అది చెప్పకుండా దాటేయలేను, చెప్పాక పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు. ప్రింటింగ్ పని ఇచ్చేవాళ్లకు, ముఖ్యంగా తెలుగు అక్షరాలతో పనున్నవాళ్లకు పనికొస్తుందని ఇంత వివరంగా రాస్తున్నాను. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఇరవై నాలుగేళ్లుగా మ్యాపులు చూపిస్తూ పాఠాలు చెప్తున్నాను కాబట్టి మ్యాపు బాగోగులు కొంచెం తెలుసు.

షాపులో రెండు కంప్యూటర్లు, ఒక పెద్ద ఎకో సాల్వెంట్ ప్రింటరు, కిందంతా వినైల్ ముక్కలు. ఓనరు గారు పెద్దాయన, అచ్చాఫీసులో సీసం అక్షరాలు పేర్చి కంపోజింగ్ చేసిన మనిషి. కంప్యూటర్ మీద కూర్చునే అబ్బాయికి ముప్పై లోపు ఉంటాయి. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చెయ్యి తిరిగినవాడు. "మ్యాపు ఎక్కడినుంచి తేవాలి మేడమ్? గూగుల్‌ది ప్రింటు తియ్యకూడదు" అని మొదటిమాటే అతను అన్నాడు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది. చివరికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసుకున్నాం. అది ఎవరైనా వాడుకోవచ్చు, కింద వాళ్ల పేరు వేస్తే చాలు. కుడివైపు అడుగున చిన్న అక్షరాల్లో వేశాడు. నేను గుర్తు చెయ్యలేదు, తనే వేశాడు.

రోడ్లు, నది, తీరం అన్నీ గీతలుగా వచ్చేశాయి. ఇంగ్లీషు పేర్లన్నీ తీసేసి తెలుగు పేర్లు పెట్టాలి. అసలు పని అక్కడ మొదలైంది.

ముందు శీర్షిక. మన లక్ష్మీపురంలోనూ బ్రాడీపేటలోనూ ఎంబీబీఎస్ హోర్డింగుల మీద 'డావో' అనో 'దావో' అనో ఉంటుంది. మా ఇంట్లోనూ అదే అలవాటు. నేను అదే రాసిచ్చాను. ఓనరు గారు కాగితం చూసి, "టీచర్ గారూ, అక్కడివాళ్లు ఎట్టా పిలుస్తారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి అమ్మాయికి చెప్తే, హాస్టల్లో వండిపెట్టే ఆవిడ చేత పలికించి వాయిస్ మెసేజ్ పంపింది. మర్నాడు షాపులో ఫోను స్పీకర్లో పెట్టాను. ఓనరు గారు నాలుగుసార్లు పెట్టించుకుని విన్నారు. 'దా' మీద ఒత్తి, చివర పెదాలు గుండ్రంగా మూసి, "దాబావ్" అంటోందావిడ. మనం ఇంగ్లీషు అక్షరాలు చూసి 'వో' దగ్గర ఆగిపోతున్నాం, అక్కడ ఉన్నది 'ఆవ్'. చివరికి పైన పెద్ద అక్షరాల్లో 'దావావ్ నగరం' అని, దాని కింద సన్నగా 'ఊరివాళ్ల పలుకు: దాబావ్' అని వేశాం. ఇంకో షాపులో అయితే నేను రాసిచ్చింది రాసిచ్చినట్టు కొట్టేసి డబ్బు తీసుకునేవాళ్లు.

తర్వాత నది. ఊరి పేరు ఆ నది నుంచే వచ్చింది. స్పెయిన్‌వాళ్లు రాకముందు నుంచీ అక్కడ బగోబో జనం ఉన్నారు, వాళ్లలో మూడు తెగలు ఆ నదిని తమతమ యాసల్లో పిలుచుకునేవి. ఎగువ కొండల్లో ఉండే ఓబోలది 'దవా'. క్లాతాలది 'దవావ్'. తగబావాలది 'దబో'. మూడూ కలిసిపోయి ఊరి పేరైంది. ఓబోల మాటలో దవా అంటే ఎత్తయిన నేల దాటాక ఉండే చోటు అనే అర్థం కూడా ఉందట. కొండ దిగి నది కలిసే వైపు పోయేవాణ్ని ఎక్కడికిరా అంటే, చెయ్యి చాపి "దవా" అనేవాడన్నమాట. మా అమ్మ పుట్టిన ఊళ్లోనూ అంతే. కాలవకు పేరు ప్రభుత్వం లెక్కల్లో ఒకటుంటుంది, కిందివాళ్లు ఒకటంటారు, పైవాళ్లు ఒకటంటారు.

ఈ మూడు పేర్లూ వెయ్యమని అడిగితే చోటు చాలదంటాడేమో అనుకున్నాను. అబ్బాయి నది గీత పట్టుకుని అక్షరాల్ని దాని వంపు వెంట వంచాడు. ఎగువన కొండల దగ్గర 'దవా', మధ్యలో 'దవావ్', సముద్రంలో కలిసే దగ్గరికి వచ్చేసరికి 'దబో'. ముదురు నీలం రంగు. ఏ పేరు నదిలో సరిగ్గా ఏ మేరకు వాడారో ఆ గీత చెప్పదు, అది మా అమరిక మాత్రమేనని అడుగున ఒక వాక్యం రాయించాను. పిల్లలకు మ్యాపు చూపించే మనిషిని, చూసినవాళ్లు తప్పు నేర్చుకోకూడదు.

మూలన 'పేర్ల పెట్టె' అని ఒక చిన్న గడి పెట్టించాను, ఊరికి ఏ కాలంలో ఏ పేరుందో చెప్పడానికి. నేను రాసిచ్చిన మొదటి వరుస '1848: నువేవా వెర్గారా'. ఓయాంగురెన్ అనే స్పెయిన్ వ్యాపారి పెట్టిన పేరు అది. ఆయన సొంతూరు బాస్క్ ప్రాంతంలోని వెర్గారా, ఇక్కడ గెలిచాక ఈ ఊరికి 'కొత్త వెర్గారా' అని పెట్టేశాడు. ఆ జిల్లాకు గిపూస్కోవా అని పేరు, దాంతో చుట్టుపక్కల ప్రాంతమంతా 'కొత్త గిపూస్కోవా' అయింది. వెర్గారా అంటే మా స్కూల్లో సైన్స్ మాస్టారు గుర్తుపట్టారు. 1783లో ఎలూయార్ సోదరులు టంగ్‌స్టన్‌ను మొదటిసారి వేరు చేసింది ఆ ఊళ్లోనేనట, బల్బులో తీగ చేసే లోహం. అంత పేరున్న ఊరే. కానీ ఎనిమిది సముద్రాలు దాటొచ్చి కొండల మధ్య నది ఒడ్డున దాని పేరు తగిలిస్తే నిలుస్తుందా?

ఓయాంగురెన్ వచ్చిన తీరు మన పిల్లలకు ఈస్టిండియా కంపెనీ పాఠం చెప్పినట్టే ఉంటుంది. మనీలాలో స్పెయిన్ గవర్నర్ జనరల్ నార్సిసో క్లావెరియా 1847లో ఆయనకు అనుమతి ఇచ్చాడు. ఆ ప్రాంతాన్ని గెలిచి ఇస్తే, పాలన నువ్వే చూసుకో, వ్యాపారంలో గుత్తహక్కు నీకే అని ఒప్పందం. రాజ్యం, దుకాణం ఒకే సంచిలో. 1848లో నది ముఖద్వారం దగ్గర దిగాడు. ఊరు పుట్టిన రోజుగా చెప్పేది జూన్ 29, సెయింట్ పీటర్ పండగ. అందుకే అక్కడి పెద్ద చర్చి శాన్ పెద్రో పేరు మీద ఉంది.

ఈ కథంతా చెప్తుంటే ఓనరు గారు కళ్లజోడు తీసి, "ఆయన రాకముందు అక్కడ దొర ఎవరమ్మా? ఆయన పేరు గళ్లో లేదే" అన్నారు. ఇరవై నాలుగేళ్ల టీచర్ని, నాకు తట్టనే లేదు. నది ఒడ్డున అప్పటికే దాతు బాగో అనే ముస్లిం నాయకుడి పాలన ఉంది. దాతు అంటే నాయకుడు అని. నెలల తరబడి ఆయన మనుషులు ఓయాంగురెన్‌ను ఎదుర్కొన్నారు. జంబోవాంగా నుంచి స్పెయిన్ సైన్యం సాయం వచ్చాక గానీ ఓయాంగురెన్ నెగ్గలేకపోయాడు. నా మొదటి వరుస కింది వరుసైంది. పైన '1848కి ముందు: దాతు బాగో ఏలిన నదీముఖం' అని చేరింది. షాపు మనిషి ఒక్క ప్రశ్న అడగడం వల్ల నా మ్యాపు నిజానికి దగ్గరైంది. ఈ షాపుకు ఐదుకు నేనిచ్చే నాలుగు నక్షత్రాల్లో రెండు ఈ ఒక్క ప్రశ్నకే ఇస్తున్నాను.

ఆ కొత్త పేరు ఇరవై ఏళ్లు కూడా నిలవలేదు. జనం నోట్లో నది పేరే ఉంది. ఊరివాళ్లు అడగడంతో 1867లో దావావ్ అని మార్చారు. ఓయాంగురెన్ అయితే అప్పటికి చాలా ముందే, 1852లోనే పదవి పోగొట్టుకున్నాడు. పెట్టెలో 'నువేవా వెర్గారా' వరుసను బూడిదరంగు సన్న అక్షరాల్లోనూ, మిగతావి నలుపులోనూ వేశారు. ఆ తేడా ఓనరు గారి ఆలోచన. అచ్చు తెలిసిన మనిషి ఏది గట్టిగా పలకాలో ఏది మెల్లగా పలకాలో అక్షరం లావుతోనే చెప్పగలడు.

ఆ 'వెర్గారా' దగ్గర పెద్ద తగాదానే పడ్డాం. నేను ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసి వాట్సాప్‌లో పంపాను. వాళ్ల కోరల్‌డ్రా పాతది. అందులో వేస్తే 'ర' కింద ఉండాల్సిన గ వత్తు విడిపోయి పక్కకు వచ్చి కూర్చుంది. 'గిపూస్కోవా' సంగతి ఇంకా ఘోరం, స ఒకచోట, క ఒకచోట, మధ్యలో పొల్లు. "అనులో కొట్టేస్తా మేడమ్" అని అబ్బాయి అను అనే పాత రకం తెలుగు ఫాంట్లలో మళ్లీ మొత్తం చేత్తో టైపు చేశాడు. నూట ముప్పై పేర్లు. యూనికోడ్‌ను అనులోకి మార్చే కన్వర్టర్‌లో పెడితే నిమిషంలో అయిపోతుంది, కానీ వత్తులు తేడా వస్తాయని ఒక్కోటీ కొట్టాడు. నేను పక్కన కూర్చుని చదివి వినిపించాను. బంకెరోహాన్, బుహాంగిన్, తలోమో, తోరిల్, కలినాన్, మింటాల్. మింటాల్ దగ్గర ఆగి కథ చెప్పాను. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జపాన్ నుంచి వేలమంది వచ్చి అక్కడ అబాకా తోటలు వేశారు, తాళ్లకు వాడే నార పంట అది. మింటాల్‌ను చిన్న టోక్యో అనేవాళ్లు. అబ్బాయికి ఆ పేరు నచ్చి అక్షరం కొంచెం పెద్దది చేశాడు, తర్వాత నేను తగ్గించమన్నాను.

వీధుల పేర్ల దగ్గర నాకు బాగా ఆనందం వేసింది. దావావ్‌లో బజారు వైపు ఒక పెద్ద రోడ్డుంది. బోర్డు మీద రామన్ మెగసెసే అవెన్యూ. మన పేపర్లలో మెగసెసే అవార్డు అని చదువుతామే, ఆ మెగసెసే, 1957లో విమాన ప్రమాదంలో చనిపోయిన ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు. కానీ ఊరివాళ్లు ఇప్పటికీ దాన్ని 'ఉయాంగురెన్' అంటారు. ఊరికి ఆయన పెట్టిన పేరు చెరిగిపోయింది, ఆయన సొంత పేరు మాత్రం 'ఓ' పోయి 'ఉ' వచ్చి జనం నోట్లో ఒక రోడ్డై నిలిచింది. దగ్గర్లోనే ఇంకో రోడ్డు సి.ఎం. రెక్టో అవెన్యూ, దాన్ని జనం 'క్లావెరియా' అంటారు. ఆయనకు అనుమతిచ్చిన గవర్నర్ జనరల్ పేరు. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు వీధులై ఉన్నారు.

మనకు ఇది కొత్తేం కాదు. విజయవాడలో బోర్డు మీద మహాత్మాగాంధీ రోడ్డు, ఆటో ఎక్కి బందర్ రోడ్డు అంటేనే పోనిస్తాడు. ఏలూరు రోడ్డుకి కార్ల్ మార్క్స్ రోడ్డు అని పేరు పెట్టారు, ఎవరి నోట విన్నాం? రైలు టికెట్టు మీద విజయవాడకు ఇప్పటికీ బీజెడ్ఏ అనే ఉంటుంది, బెజవాడ. ఇక మా గుంటూరు 1788లో కంపెనీ చేతికి పోయింది. ఆ తర్వాత వచ్చిన అరండల్, బ్రాడీ అనే ఇంగ్లీషు పేర్లు మాత్రం ఊడలేదు. బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటేనే మా ఇల్లు దొరుకుతుంది. బ్రాడీ ఎవరని మా వీధిలో అడిగితే చెప్పేవాళ్లు లేరు, కానీ పేరు మాది అయిపోయింది. వెర్గారా ఎందుకు నిలవలేదు, బ్రాడీపేట ఎందుకు నిలిచింది? నాకు తోచింది చెప్తాను. బ్రాడీపేట కొత్తగా పడిన పేట, అక్కడ ముందు జనం పిలుచుకునే పేరు గట్టిగా లేదు. దావావ్ నదికి పేరు ముందే ఉంది, దాన్ని మూడు తెగలు రోజూ పిలుస్తున్నాయి. ఉన్న పేరు మీద ఇంకో పేరు పెడితే నిలవడం కష్టం.

అందుకే ఆ రెండు రోడ్లకూ మ్యాపులో రెండేసి పేర్లు వేయించాను. జనం పిలిచేది పైన, బోర్డు మీదది కింద. "తిరగేసి వెయ్యాలేమో మేడమ్, బోర్డుదే కదా అసలుది" అన్నాడు అబ్బాయి. ఓనరు గారే సమాధానం చెప్పారు, "దారి అడిగితే ఎవరైనా నోటితోనే కదా చెప్పేది." 'మెగసెసే' దగ్గర కూడా 'మాగ్సాయ్‌సాయ్' అని వెయ్యాలా అని చర్చ వచ్చింది. మన పేపర్లలో వచ్చే మాటే ఉంచాం. మా అమ్మ పేపరు చదువుతుంది.

క్లావెరియా గురించి ఇంకొక మాట చెప్పకపోతే సోషల్ టీచర్ని కాను. 1849లో ఈయన ఫిలిప్పీన్స్ జనాలందరికీ ఇంటిపేర్లు ఇవ్వమని ఆజ్ఞ వేశాడు. అప్పటిదాకా చాలామందికి స్థిరమైన ఇంటిపేరు లేదు, పన్నులకు, జనాభా లెక్కకు ఇబ్బంది అయ్యేది. అక్షర క్రమంలో ఇంటిపేర్ల జాబితా ఒకటి అచ్చువేసి ప్రాంతాలకు పంచారు. కొన్ని ఊళ్లకు ఒకే అక్షరం ఉన్న పేజీలు అందాయి, అక్కడ ఈనాటికీ ఊరంతా ఆ ఒక్క అక్షరంతో మొదలయ్యే ఇంటిపేర్లే. మన ఇంటిపేర్లు ఎట్టా వచ్చాయో ఆలోచించండి. పూర్వీకుల ఊరు, చేసిన పని, ఇంటి ముందు చెట్టు. తాత ముత్తాతలు నడిచొచ్చిన దారి మొత్తం ఇంటిపేరులో ఉంటుంది. అక్కడ ఒక పుస్తకం తెరిచి ఏరుకోమన్నారు. మా అమ్మాయి క్లాసులో పిల్లలకు స్పెయిన్ ఇంటిపేర్లు చూసి, వీళ్లంతా స్పెయిన్‌వాళ్ల సంతతేమో అనుకుంది మొదట. కాదని చెప్పాను, ఫోన్లో గంటసేపు. ఈయనే 1844లో క్యాలెండరు సరిచేయడానికి డిసెంబర్ 31ని మొత్తంగా తీసేయించాడు. సోమవారం 30 తర్వాత బుధవారం జనవరి 1. క్యాలెండరులో రోజును తీసేయగలిగినవాడు కూడా నది పేరు మార్చలేకపోయాడు.

ఇప్పుడు పొరపాటు సంగతి. ఫైనల్ ప్రూఫ్ చూశాకే ప్రింటు వెయ్యమని స్పష్టంగా చెప్పాను. గురువారం మధ్యాహ్నం ప్రూఫు చూస్తానన్నాను, శనివారం తెల్లవారుజామున అమ్మాయి విమానం. సెలవులకు వచ్చిన పిల్ల వెళ్లేలోపు తన చేత్తో తన హాస్టల్ దగ్గర గుండుసూది గుచ్చి అమ్మమ్మకు చూపించాలని మా ఇద్దరి కోరిక. గురువారం వెళ్లేసరికి ప్రింటు వేసి, లామినేషన్ కూడా చేసేశారు. పెళ్లిళ్ల సీజన్, మిషను ఖాళీ దొరికిందని వేసేశారట. శీర్షికలో 'దావావ్' బదులు పాత ఫైలులోని 'డావో' పడింది. సమాల్ దీవి పేరు సముద్రంలో తేలుతోంది. దావావ్ గల్ఫ్ నీలంగా ఉండాలి కదా, వంకాయ రంగులో వచ్చింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. ఇన్ని రోజులు ఒక్కో అక్షరం పట్టుకుని కూర్చున్నాం, అసలు పేరే తప్పు పడింది.

ఓనరు గారు ఒక్కమాట ఎదురు చెప్పలేదు. ఆ షీటు చింపి పక్కన పడేసి, మళ్లీ వేస్తామని, దానికి వేరే డబ్బు అక్కర్లేదని చెప్పారు. అట్లాగే చేశారు కూడా. నీలంలో మెజెంటా అనే గులాబీరంగు ఇంకు ఎక్కువైతే ప్రింటులో వంకాయ రంగొస్తుందని అబ్బాయి వివరంగా చెప్పి, శాతం తగ్గించి అరచేతంత ముక్క ముందు వేసి చూపించాడు. కానీ కొత్తది వచ్చేసరికి సోమవారమైంది. పిల్ల అప్పటికే దావావ్‌లో దిగింది. ఆ శుక్రవారం రాత్రి మళ్లీ రాదు. ఒక నక్షత్రం అందుకే తగ్గించాను, ఎంత ఆలోచించినా దాన్ని తిరిగి ఇవ్వలేకపోతున్నాను. పని ఇచ్చేవాళ్లకు నా సలహా ఒకటే. ప్రూఫ్ మీద సంతకం చేసే పద్ధతి పెట్టమనండి, సంతకం లేనిదే ప్రింటు వెయ్యొద్దని బిల్లు మీద రాయించుకోండి. పెళ్లిళ్ల నెలల్లో అయితే గడువుకి వారం ముందే పెట్టుకోండి.

చేతికొచ్చిన మ్యాపు ఎట్లా ఉందంటారా. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. వినైల్ మీద ప్రింటు, మ్యాట్ లామినేషన్, వెనక ఐదు మిల్లీమీటర్ల సన్‌బోర్డు అనే ఫోమ్ అట్ట. గ్లాసీ వద్దన్నాను, కిటికీ వెలుతురు పడితే మెరిసి అమ్మకు అక్షరం కనపడదు. ఆమెకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. నది పేర్లు, పెద్ద పేటల పేర్లు నాలుగడుగుల దూరం నుంచి చదవగలుగుతోంది. వీధుల పేర్లకు దగ్గరికి రావాలి. బోర్డు అంచులు సాఫుగా ఉన్నాయి, ఎడమ పైమూల మాత్రం లామినేషన్ కింద శనగగింజంత బుడగ ఉంది, సూదితో గుచ్చి వేలితో నొక్కితే పోయింది. అపో కొండను లేత ఆకుపచ్చ నుంచి గోధుమరంగులోకి అద్దిన తీరు అందంగా ఉంది. ఫిలిప్పీన్స్‌లో అదే ఎత్తయిన కొండ, 2,954 మీటర్లు. దాని పేరు పక్కన అంకె కూడా వేశారు.

ఖర్చు: డిజైన్, టైపింగ్‌కి 1,800 రూపాయలు. ప్రింటు, లామినేషన్, బోర్డు కలిపి పన్నెండు చదరపుటడుగులకు 1,140. చెక్క ఫ్రేము ఇంకోచోట వేయించాను, అది 900. నూట ముప్పై పేర్లు చేత్తో కొట్టినదానికి 1,800 ఎక్కువ కాదు, నా లెక్కలో తక్కువే. బేరం ఆడలేదు. జీఎస్టీ బిల్లు అడక్కుండానే ఇచ్చారు. షాపు ఆదివారం సెలవు. పొద్దున పదకొండులోపు వెళితే ఓనరు గారు తీరిగ్గా కూర్చుని మాట్లాడతారు, సాయంత్రం ఫ్లెక్సులవాళ్ల హడావుడిలో పలకరించడానికి కూడా తీరిక ఉండదు. బండి పెట్టుకోవడానికి సందులో చోటు లేదు, మెయిన్ రోడ్డు మీద పెట్టి నడవాలి.

మ్యాపు ఇప్పుడు హాల్లో, అమ్మ మంచానికి ఎదురుగా ఉంది. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. మనం రాత్రి భోజనానికి కూర్చునేసరికి పిల్ల పడుకోబోతుంటుంది, ఆ వేళకు ఫోను చేస్తుంది. బజాడా అనే పేట వైపు ఎర్రగుండు ఉన్న సూది నేనే గుచ్చాను, పిల్ల వీడియోలో "ఇంకొంచెం పైకి, ఇంకొంచెం" అని చెప్తుంటే. అమ్మ ఇప్పుడు ఊరి పేరు అడగడం మానేసింది. "ఇవాళ ఉయాంగురెన్ వైపు పోయావా, కూరగాయలు తెచ్చుకున్నావా?" అని అడుగుతోంది. బోర్డు మీది పేరు అసలు పలకదు. మొన్న పక్కింటావిడ వస్తే నదిని వేలితో పట్టుకుంటూ పైనుంచి కిందికి వచ్చి, "ఇక్కడ దవా అంటారంట, ఇక్కడ దబో అంటారంట, ఒక నీళ్లే" అని చెప్పింది.

నిన్న అమ్మ నన్ను పిలిచి, తన పుట్టినూరికి కూడా ఇట్టాంటిది చేయించమంది. కాలవలకు, దిబ్బలకు, తోటలకు వాళ్ల చిన్నప్పుడు పిలిచిన పేర్లతో. తను చెప్తుంటే రాసుకున్నాను, పద్దెనిమిది వచ్చాయి. ఒక కాలవకు రెండు పేర్లు చెప్పింది, పైవాళ్లదొకటి, కిందివాళ్లదొకటి, రెండూ వెయ్యాలంది. సోమవారం పదకొండులోపు ఆ కాగితం పట్టుకుని షాపుకు వెళ్తున్నాను.